మైల్‌స్టోన్లు వాయిదా పడుతూనే ఉంటే డాక్యుమెంటేషన్ షెడ్యూల్ ఎలా నడపాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మూడు ప్రాడక్టులకు మాన్యువల్స్, హెల్ప్ రాసే టెక్నికల్ రైటర్ మీరొక్కరే. ఒక్కో ప్రాడక్టుకి ఒక ఎక్సెల్ షీట్ పెట్టుకున్నారు. డెవలప్‌మెంట్ టీమ్‌ల మైల్‌స్టోన్లు (ఫలానా పని ఫలానా రోజుకి అవ్వాలని పెట్టుకున్న గడువులు) తరచూ వాయిదా పడుతుంటే ఆ షీట్లు రెండు వారాలకే పనికిరాకుండా పోతున్నాయి. తేదీ మారిన సంగతి అందరికన్నా చివర మీకు తెలుస్తోంది. "డాక్యుమెంటేషన్ ఎందుకు లేటు?" అన్న ప్రశ్న మాత్రం మొదట మీకే వస్తోంది. దీనికి మంచి టూల్ ఏదని అడిగారు.

టూల్ గురించి తర్వాత చెప్తాను. అసలు చిక్కు షీట్‌లో తేదీలు రాసుకున్న తీరులో ఉంది. "డ్రాఫ్ట్: మార్చి 10", "రివ్యూ: మార్చి 17" అని నేరుగా క్యాలెండర్ తేదీలు టైప్ చేసి ఉంటారు. మన పనిలో అలా సొంతంగా నిలబడే తేదీలు దాదాపు ఉండవు. స్క్రీన్ స్థిరపడితే గానీ స్క్రీన్‌షాట్ తీయలేం. డ్రాఫ్ట్ పూర్తయితే గానీ రివ్యూ మొదలవదు. రివ్యూ ముగిస్తే గానీ అనువాదానికి పంపలేం. అంటే రైటర్ షెడ్యూల్‌లో ప్రతి తేదీ "ఫలానావాళ్ళ పని అయ్యాక ఇన్ని రోజులకి" అనే లెక్కే. ఆ లెక్క షీట్‌లో లేకపోతే పైన ఒక్క తేదీ జరిగిన ప్రతిసారీ కింద ఉన్న తేదీలన్నీ చేత్తో దిద్దుకోవాలి. ఒకటి రెండుసార్లు దిద్దుతాం, ఆ తర్వాత విసుగొచ్చి వదిలేస్తాం. అప్పటినుంచి ఆ షీట్‌ని మనమే నమ్మం.

తేదీ బదులు దూరం రాసుకోండి

ముందు మీ పనంతా ఏ ఒక్క తేదీ మీద వేలాడుతోందో పట్టుకోండి. సాఫ్ట్‌వేర్‌లో చాలాసార్లు అది రిలీజ్ తేదీ కాదు, యూఐ ఫ్రీజ్. అంటే స్క్రీన్ల మీద బటన్లు, మెనూలు, మెసేజ్‌లు ఇక మారవని టీమ్ ఒప్పుకునే రోజు. ఏపీఐ (ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌తో మాట్లాడే మార్గం) డాక్యుమెంటేషన్ రాసేవాళ్ళకి స్పెసిఫికేషన్ ఖాయమయ్యే రోజు, యంత్రాల మాన్యువల్ రాసేవాళ్ళకి డ్రాయింగులు విడుదలయ్యే రోజు అలాంటివే. దీన్ని ఆధార తేదీ అనుకుందాం. షీట్‌లో చేత్తో టైప్ చేసే తేదీలు రెండే ఉండాలి: ఆధార తేదీ, రిలీజ్ తేదీ. మిగతావన్నీ ఫార్ములాతో రావాలి.

ఒక లెక్క వేసి చూద్దాం. యూఐ ఫ్రీజ్ మార్చి 3, రిలీజ్ ఏప్రిల్ 7 అనుకోండి. ఫ్రీజ్ తర్వాత డ్రాఫ్ట్ పూర్తి చేయడానికి 5 పనిదినాలు, రివ్యూకి 5, దిద్దుబాట్లకి 3, అనువాదానికి 10, అన్ని భాషల ఫైళ్ళూ కలిపి ఫైనల్ బిల్డ్ చేసి సరిచూసుకోవడానికి 2. మొత్తం 25 పనిదినాలు. మార్చి 3 నుంచి ఏప్రిల్ 7కి ఐదు వారాలు. మధ్యలో సెలవులు లేకపోతే సరిగ్గా 25 పనిదినాలు. ప్లాన్ కుదిరినట్టే కనిపిస్తుంది గానీ ఒక్క రోజు కూడా వెసులుబాటు లేదన్న సంగతి ఈ కూడిక వేస్తే తప్ప బయటపడదు.

ఇప్పుడు ఫ్రీజ్ మార్చి 10కి జరిగింది, రిలీజ్ తేదీ మాత్రం అక్కడే ఉంది. 25 రోజుల పనికి 20 రోజులే మిగిలాయి. మార్చి 17కి జరిగితే 15. మార్చి 24కి జరిగితే 10, అవి ఒక్క అనువాదానికే సరిపోతాయి. "ఒక్క వారమే కదా జరిగింది" అని డెవలపర్లు అన్నప్పుడు వాళ్ళు అబద్ధమాడడం లేదు. వాళ్ళకి కలిసొచ్చిన వారం మన వాటాలోంచి పోయిందన్నది వాళ్ళకి కనపడే చోట లేదు, అంతే. మీ షీట్ ఆ అంకెని కనపడేలా చేయాలి. "కావలసిన పనిదినాలు", "ఉన్న పనిదినాలు", "తేడా" అని మూడు గళ్ళు పైన పెట్టండి. తేడా మైనస్‌లోకి వెళ్ళిన రోజే మాట్లాడాలి. రిలీజ్‌కి మూడు రోజుల ముందు మాట్లాడితే అది ఫిర్యాదులా వినిపిస్తుంది.

ఎక్సెల్‌లో దీనికి వర్క్‌డే అనే ఫంక్షన్ ఉంది. మొదటి తేదీ, పనిదినాల సంఖ్య, సెలవుల జాబితా ఇస్తే ఫలితం తేదీ ఇస్తుంది. పనిదినాల సంఖ్యని మైనస్‌లో ఇస్తే వెనక్కి లెక్కిస్తుంది, కాబట్టి రిలీజ్ నుంచి వెనక్కి వచ్చి "ఫ్రీజ్ ఏ రోజు దాటితే మనం మునుగుతాం" అన్న తేదీ కూడా దానితోనే తీయొచ్చు. రివ్యూయర్లు శుక్ర, శనివారాలు సెలవుండే దేశంలో ఉంటే వర్క్‌డే.ఇంటిఎల్ అనే ఇంకో రూపం ఉంది, వారాంతం ఏ రోజులో దానికి చెప్పొచ్చు. సెలవుల జాబితా మీదొక్కటే పెట్టుకుంటే సరిపోదు. రివ్యూయర్లవి, అనువాదకులవి కూడా కలపండి. సంవత్సరాంతపు రిలీజుల్లో షెడ్యూల్ తప్పేది ఎక్కువగా ఇక్కడే.

రోజుల అంచనాలు ఎక్కడినుంచి తేవాలంటే, వేరేవాళ్ళ ప్రమాణాలకన్నా మీ పాత రిలీజుల లెక్కే మేలు. అనువాదానికి మాత్రం సాధారణంగా అందరూ పట్టుకునే అంకె ఒకటుంది: ఒక అనువాదకుడు రోజుకి 2,000 నుంచి 2,500 పదాలు. 20,000 పదాల గైడ్‌కి పది రోజులు పట్టడం అందుకే. ట్రాన్స్‌లేషన్ మెమరీలో (ఇంతకుముందు అనువదించిన వాక్యాలని దాచి మళ్ళీ వాడుకునే చోట) పాత వాక్యాలు ఉంటే ఇది తగ్గుతుంది. అది కలిసొచ్చేది మీరు పాత వాక్యాలని ఊరికే మెరుగులు దిద్దకుండా ఉంటేనే. ఫ్రీజ్ వాయిదా పడి రోజులు తరిగినప్పుడు పాత అధ్యాయాల శైలి సవరించే పని పూర్తిగా పక్కన పెట్టేయండి.

పాత తేదీని చెరపొద్దు

ఇంత పెద్ద సమాధానంలో ఒక్కటే పాటించగలిగితే ఇది పాటించండి. ఆధార తేదీ మారినప్పుడు పాతదాని మీద కొత్తది టైప్ చేయకండి. కింద ఇంకో వరస చేర్చండి. ప్రతి వరసలో నాలుగు సంగతులు: ఈ మార్పు మీకు తెలిసిన రోజు, కొత్త తేదీ, ఎక్కడ తెలిసింది (మీటింగా, టీమ్ ఒక్కో పనికి తెరిచే టికెట్టా, దారినపోతూ ఎవరో అన్నారా), కారణం. ఒక్కో వరస రాయడానికి నిమిషం పట్టదు. షీట్ పైభాగంలోని ఆధార తేదీ గడి ఈ జాబితాలోని చివరి వరసని చూస్తుంటే చాలు, మిగతా లెక్కలన్నీ వాటంతట అవే మారతాయి.

చాలామంది దీన్ని తమని తాము కాపాడుకునే సాక్ష్యంలా చూస్తారు. ఆ ఉపయోగం ఉంది గానీ అది చిన్నది. అసలు లాభం ముందుచూపు. జర్మనీలో ప్రాజెక్ట్ మేనేజర్లు బాగా వాడే మైల్‌స్టోన్ ట్రెండ్ ఎనాలిసిస్ అనే పద్ధతి ఈ జాబితా మీదే నడుస్తుంది. అడ్డంగా రిపోర్ట్ చేసిన రోజు, నిలువుగా ఆ రోజున చెప్పిన మైల్‌స్టోన్ తేదీ వేసి చుక్కలు కలపండి. గీత అడ్డంగా సాగితే తేదీ నిలబడుతోందని అర్థం. పైకి ఎక్కుతుంటే జరుగుతోందని. ఎంత ఏటవాలుగా ఎక్కుతోందన్నది చూడాలి.

మన ఉదాహరణనే తీసుకోండి. జనవరి 6న ఫ్రీజ్ మార్చి 3 అన్నారు. జనవరి 20న మార్చి 10 అన్నారు. ఫిబ్రవరి 3న మార్చి 17, ఫిబ్రవరి 17న మార్చి 24. ప్రతిసారీ చెప్పేవాళ్ళు నిజాయితీగానే చెప్తున్నారు, ప్రతిసారీ "ఈసారి ఖాయం" అంటున్నారు. చుక్కలు కలిపితే కనిపించేది వేరు: రెండు వారాలు గడిస్తే తేదీ ఒక వారం జరుగుతోంది. అంటే ఫ్రీజ్‌కీ మనకీ మధ్య దూరం రెండు వారాలకి ఒక వారం చొప్పునే తగ్గుతోంది. ఫిబ్రవరి 17న ఇంకా ఐదు వారాలుంది అంటున్నారు కాబట్టి ఇదే వేగం కొనసాగితే అసలు పట్టేది పది వారాలు. ఫ్రీజ్ ఏప్రిల్ 28 ప్రాంతంలో పడుతుంది. ఏప్రిల్ 7 రిలీజ్ అన్నది అప్పటికే లేని తేదీ. ఈ మాట మిగతా టీమ్ చెప్పకముందే, ఫిబ్రవరి మధ్యలోనే, మీ షీట్ చెప్తోంది.

దీన్ని జోస్యంలా వాడకండి. ఒకే పెద్ద కారణం వల్ల, ఉదాహరణకి బయటినుంచి రావలసిన ఒక మాడ్యూల్ ఆలస్యం వల్ల, తేదీ ఒకేసారి మూడు వారాలు జరిగి ఆ తర్వాత నిలబడొచ్చు. అలాంటప్పుడు గీతని ముందుకి పొడిగిస్తే తప్పుదారి పడతారు. కారణం గడి అందుకే. కారణాలు ఒకటికొకటి సంబంధం లేకుండా మారుతూ, జరిగే దూరం మాత్రం ఒకేలా ఉంటే, అసలు అంచనాయే తప్పని అనుకోవచ్చు. కారణం ఒకటే అయితే అది తీరిందా లేదా అన్నది నేరుగా అడగండి.

తేదీ జరగబోతోందని ముందే పసిగట్టడానికి ఇంకో దారి, "ఫ్రీజ్ టైమ్‌కే ఉందా?" అని అడగడం మానేయడం. ఆ ప్రశ్నకి ఎప్పుడూ "ఉంది" అనే జవాబొస్తుంది. దాని బదులు స్క్రీన్ మార్చే టికెట్లు ఎన్ని తెరిచి ఉన్నాయో మీరే చూడండి. వారం వారం ఆ సంఖ్య తగ్గకపోతే, ఫ్రీజ్ తేదీ ఎవరు ఎంత గట్టిగా చెప్పినా, నిలబడదు. డిజైనర్ల ఫైళ్ళలో ఇంకా కామెంట్లు పడుతున్నాయా అన్నది కూడా అంతే నమ్మకమైన గుర్తు.

జరిగేది తేదీ ఒక్కటే కాదు

రిలీజ్ తేదీ కచ్చితంగా నిలబెట్టాలన్నప్పుడు టీమ్‌లు ఫీచర్లని తర్వాతి రిలీజ్‌కి జరుపుతాయి. క్యాలెండర్ మీద ఏమీ మారనట్టే ఉంటుంది, మీ పని మాత్రం సగం మారిపోతుంది. ఇది తేదీ జరగడం కన్నా చెడ్డది, ఎందుకంటే రాసేసిన అధ్యాయాలు తీసేయాలి, తీసేశాక అక్కడక్కడా మిగిలిన లింకులు వెతకాలి, మళ్ళీ తర్వాతి రిలీజ్‌లో పెట్టాలి.

దీనికి రాసేటప్పుడే సిద్ధపడాలి. అనుమానంగా ఉన్న ప్రతి ఫీచర్‌కీ మొదటి రోజునుంచే ఒక కండిషన్ ట్యాగ్ (ఆ భాగాన్ని బయటికి పంపాలా వద్దా అని తేల్చే గుర్తు) పెట్టండి. మాన్యువల్స్ రాసే టూల్స్ మ్యాడ్‌క్యాప్ ఫ్లేర్‌లో, ఫ్రేమ్‌మేకర్‌లో ఆ సౌకర్యం నేరుగా ఉంది. డీటా అనే ఎక్స్‌ఎంఎల్ పద్ధతిలో రాస్తే డీటావాల్ అనే వడపోత ఫైల్‌తో వడపోయొచ్చు. గిట్‌లో (ఫైళ్ళ మార్పులని దాచే టూల్) రాసేవాళ్ళు ఒక్కో ఫీచర్‌కి ఒక బ్రాంచ్ (విడి ప్రతి) పెట్టి, కోడ్ అసలు ప్రతిలో మెర్జ్ అయితేనే డాక్యుమెంటేషన్ మెర్జ్ చేయాలి. ఫీచర్ పక్కకి పోయిన రోజున చేయాల్సిన పని ఒక్క ట్యాగ్ ఆపేయడం, లేదా ఒక్క బ్రాంచ్‌ని వదిలేయడం. ఏ ఫీచర్ అనుమానంగా ఉందో ఎలా తెలుస్తుందంటారా? ప్లానింగ్ మీటింగ్‌లో "ఇది వీలైతే" అన్న మాట వినిపించిన ప్రతిదీ.

ఫీచర్ ఫ్లాగ్‌లు (ఫీచర్‌ని ఆన్, ఆఫ్ చేసే స్విచ్‌లు) వాడే టీమ్‌లతో ఇంకో చిక్కుంది. కోడ్ రిలీజ్‌లో వెళ్తుంది గానీ ఫీచర్ కస్టమర్‌కి కనపడదు. టికెట్ "పూర్తయింది" అని ఉంటుంది కాబట్టి మీరు హెల్ప్‌లో రాసేస్తారు. కస్టమర్ ఆ బటన్ కోసం వెతికి సపోర్ట్‌కి ఫోన్ చేస్తారు. అందుకని మీ షీట్‌లో ప్రతి ఫీచర్ పక్కన "ఫ్లాగ్ రిలీజ్ రోజున ఆన్‌లో ఉంటుందా?" అన్న గడి ఉండి తీరాలి. జవాబు ప్రాడక్ట్ మేనేజర్ దగ్గర తీసుకోండి. డెవలపర్‌కి ఆ సంగతి తెలియకపోవచ్చు.

ఫ్రీజ్ అన్నాక కూడా మారుస్తుంటారు కదా అంటే, అవును, మారుస్తారు. ఆపలేం గానీ మార్పుకి ఒక పద్ధతి అడగొచ్చు. లైనక్స్ డెస్క్‌టాప్ తయారుచేసే నోమ్ ప్రాజెక్టులో యూఐ ఫ్రీజ్ తర్వాత స్క్రీన్ మార్చాలంటే రిలీజ్ టీమ్ అనుమతి కావాలి, డాక్యుమెంటేషన్ టీమ్‌కి తెలియజేయాలి. ఉబుంటు అనే లైనక్స్ సిస్టమ్ రిలీజ్ షెడ్యూల్‌లో ఫీచర్ ఫ్రీజ్, యూఐ ఫ్రీజ్‌లతో పాటు డాక్యుమెంటేషన్ స్ట్రింగ్ ఫ్రీజ్ (హెల్ప్‌లోని వాక్యాలు ఇక మారని రోజు) అని విడిగా ఒక మైల్‌స్టోన్ ఉంటుంది, అనువాదకులు దాన్ని చూసుకుని పని పెట్టుకుంటారు. మీ కంపెనీలో ఇంత పట్టింపు లేకపోయినా ఒక్కటి సాధించండి: ఫ్రీజ్ తర్వాత స్క్రీన్ మార్చే ప్రతి టికెట్‌కీ డాక్యుమెంటేషన్ లేబుల్ పడాలి. మొదట్లో మీరే వెంటపడి పెట్టాల్సి వస్తుంది. ఆ లేబుల్ ఉన్న టికెట్లకి మీరు పెట్టిన గంటల్ని విడిగా రాసి పెట్టుకోండి. తర్వాతి రిలీజ్ ప్లాన్ చేసేటప్పుడు "ఫ్రీజ్ తర్వాత మళ్ళీ చేసిన పని" అనే వరసలో ఆ అంకె పెడితే ఎవరూ కాదనలేరు.

రివ్యూ

చెప్పాలంటే మన షెడ్యూళ్ళని ఎక్కువగా తినేసేది ఫ్రీజ్ కాదు, రివ్యూ. ఫ్రీజ్ వాయిదా పడిందని కనీసం ప్రకటిస్తారు. రివ్యూ ఎవరికీ చెప్పకుండా వాయిదా పడిపోతుంది. "రేపు చూస్తాను" అన్నవాళ్ళు రేపు రిలీజ్ బగ్గులో మునిగిపోతారు.

రివ్యూకి ఒకే అంకె పెట్టకండి. 1950ల చివర్లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి ప్రాజెక్టు కోసం తయారుచేసిన పెర్ట్ పద్ధతిలోని మూడు అంచనాల లెక్క ఇక్కడ బాగా పనికొస్తుంది. అంతా కలిసొస్తే ఎన్ని రోజులు, మామూలుగా ఎన్ని, అంతా ఎదురుతిరిగితే ఎన్ని అని మూడు అంకెలు తీసుకోండి. మామూలు అంకెని నాలుగుతో గుణించి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగించండి. మంచి రోజుల్లో 2, మామూలుగా 5, చెడ్డ రోజుల్లో 14 అయితే, 2, 20, 14 కలిపి 36, ఆరుతో భాగిస్తే 6 రోజులు. మామూలు అంకెకన్నా ఒక్క రోజే ఎక్కువ కదా అనిపిస్తుంది. పైన ఉదాహరణలో ఒక్క రోజు కూడా మిగులు లేదని గుర్తుంటే ఆ ఒక్క రోజు విలువ తెలుస్తుంది.

లెక్కకన్నా ముఖ్యమైనది రివ్యూని ముక్కలు చేయడం. 120 పేజీల పీడీఎఫ్ పంపి ఐదు రోజులు గడువిస్తే నాలుగు రోజులు ఎవరూ తెరవరు. అదే పది పేజీల ముక్క పంపి, "ఈ మూడు చోట్ల నాకు అనుమానం ఉంది, ఈ మూడింటికీ జవాబివ్వండి" అంటే ఆ పూటే వస్తుంది. ఎవరికి ఏ ముక్క, ఎప్పుడు పంపాను, ఎప్పుడొచ్చింది అన్నవి షీట్‌లో రాసుకోండి. కొన్ని రిలీజుల తర్వాత ఎవరు ఎన్ని రోజులు తీసుకుంటారో మీకు స్పష్టంగా తెలిసిపోతుంది. అప్పుడు ఆలస్యంగా చూసేవాళ్ళ ముక్కలు ముందు పంపుతారు. ఈ లెక్కని మీటింగ్‌లో బయటపెట్టి ఎవరినీ ఇరుకున పెట్టకండి. మళ్ళీ రివ్యూ అడగాల్సింది వాళ్ళనే.

"ఇంత గడువులోగా జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే" అన్న నియమం కొందరు పెడతారు. ఆన్‌లైన్ హెల్ప్‌కి పర్వాలేదు. భద్రతా హెచ్చరికలు, విద్యుత్ కనెక్షన్లు, మోతాదులు ఉండే చోట ఆ నియమం పెట్టకండి. అక్కడ సంతకం లేనిదే పేజీ బయటికి వెళ్ళకూడదు, షెడ్యూల్ ఏమైపోయినా సరే.

ఫ్రీజ్ కోసం చేతులు కట్టుకుని కూర్చోవాలా?

అక్కర్లేదు. విషయాన్ని ఎంత త్వరగా మారుతుందన్న దాన్ని బట్టి వరస పెట్టుకోండి. ప్రాడక్ట్ ఎందుకుంది, ఎలా పనిచేస్తుంది అన్న వివరణలు, ఇన్‌స్టలేషన్‌కి ముందు ఏమేం కావాలి, పదకోశం, యూజర్ల పాత్రలు, అనుమతులు, ఇవి ఫ్రీజ్‌కి ముందే ముప్పావు వంతు తయారైపోతాయి. పనిచేసే విధానాల దశలు మధ్యలో వస్తాయి. బటన్ల పేర్లు, స్క్రీన్‌షాట్లు చివర. బటన్ల పేర్లని వేరియబుల్స్‌గా ఒకే చోట పెట్టుకుంటే పేరు మారినప్పుడు ఒక్క చోట దిద్దితే సరిపోతుంది. స్క్రీన్‌షాట్లు తగ్గించడం మొత్తం షెడ్యూల్‌కే మేలు. ఒక్కో స్క్రీన్‌షాట్‌ని ప్రతి భాషలో మళ్ళీ తీయాలి, ప్రతి ఫ్రీజ్ మార్పుకీ మళ్ళీ తీయాలి. ఎంతో క్లిష్టమైన స్క్రీన్ అయితే తప్ప పెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం. దీన్ని ఒప్పుకోని రైటర్లు చాలామంది ఉన్నారు, వాళ్ళకి టీమ్‌లో మనుషులు ఎక్కువుంటారేమో.

స్ప్రింట్లలో (కొద్ది వారాల విడతలలో) పనిచేసే టీమ్‌లు "డెఫినిషన్ ఆఫ్ డన్‌లో (పని పూర్తయిందనడానికి పెట్టుకున్న షరతుల్లో) డాక్యుమెంటేషన్ కలిపేయండి" అని సలహా ఇస్తాయి. మూడు టీమ్‌లకి ఒక్క రైటర్ ఉన్నప్పుడు ఆ సలహా పనిచేయదు. మూడు స్ప్రింట్లు ఒకే రోజున ముగుస్తాయి, మూడు టీమ్‌లూ ఒకే రోజున మీకోసం ఆగుతాయి. ఒక స్ప్రింట్ వెనక నడవండి, ఆ సంగతి అందరికీ ముందే చెప్పండి. స్ప్రింట్‌లో మీరు చేయాల్సింది డెమో చూడటం, నోట్స్ రాసుకోవడం, అనుమానాలు అడగడం. రాత తర్వాతి స్ప్రింట్‌లో.

మేనేజర్‌తో మాట

"ఎంత శాతం అయింది?" అన్న ప్రశ్నకి శాతంలో జవాబివ్వకండి. 90 శాతం అయిందన్న పని మిగతా 10 శాతానికి మొదటంత కాలం తీసుకోవడం అందరూ చూసిందే. ప్రతి టాపిక్‌కీ స్థితి చెప్పండి: రాయలేదు, డ్రాఫ్ట్, రివ్యూలో, దిద్దుతున్నాను, ఖాయం. ఇన్ని టాపిక్‌లలో ఇన్ని ఖాయం అని చెప్తే వాదన ఉండదు. ఎరుపు, పసుపు, పచ్చ రంగుల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ప్రాజెక్ట్ రివ్యూలో ఎరుపు పెడితే వివరణ ఇచ్చుకోవాలి కాబట్టి అందరూ పసుపు పెట్టేస్తారు.

తేదీ జరిగిన రోజే, ఆ పూటే, చిన్న మెయిల్ పెట్టండి. ఇలా ఉంటే చాలు:

"ఈరోజు మీటింగ్‌లో యూఐ ఫ్రీజ్ మార్చి 10 నుంచి మార్చి 17కి జరిగింది. రిలీజ్ ఏప్రిల్ 7 మారలేదు. డాక్యుమెంటేషన్‌కి ఫ్రీజ్ తర్వాత 25 పనిదినాలు కావాలి, ఇప్పుడు 15 ఉన్నాయి. మూడు దార్లున్నాయి. ఒకటి, రిలీజ్ తేదీ జరపడం. రెండు, రిలీజ్ రోజున ఇంగ్లిష్ మాత్రమే ఇచ్చి, మిగతా భాషలు రెండు వారాల తర్వాత ఇవ్వడం. మూడు, అడ్మిన్ గైడ్‌ని ఈ రిలీజ్‌నుంచి తప్పించి, యూజర్ హెల్ప్‌ని మాత్రమే అనువాదానికి పంపడం. శుక్రవారంలోగా వేరే నిర్ణయం రాకపోతే రెండో దారిలో వెళ్తాను."

చివరి వాక్యం తీసేయకండి. అది లేకపోతే మెయిల్ చదివి అందరూ తలూపుతారు, ఎవరూ నిర్ణయించరు, రెండు వారాలు పోతాయి. రెండో దారిలో 25లోంచి అనువాదం పది రోజులు పక్కకి పోతే మిగిలేది 15. అంటే సరిగ్గా సరిపోతుంది, వెసులుబాటు మళ్ళీ సున్నా. ఆ సంగతి కూడా మెయిల్‌లో ఒక వాక్యంలో చెప్పేయొచ్చు.

రెండో దారి అన్ని చోట్లా ఉండదు. యూరోపియన్ యూనియన్‌లో అమ్మే యంత్రాలకి, మెషినరీ డైరెక్టివ్ 2006/42/ఈసీ ప్రకారం, అమ్మే దేశపు అధికార భాషలో సూచనల పుస్తకం యంత్రంతో పాటే వెళ్ళాలి. అక్కడ మాన్యువల్ యంత్రంలో ఒక భాగం లాంటిదే, అది లేకుండా సరుకు పంపకూడదు. మీ మూడు ప్రాడక్టుల్లో ఏదైనా ఇలాంటిదైతే దాని వరసలో మొదటి గడిలోనే ఆ సంగతి రాసి పెట్టండి. తేదీలు ఢీకొన్నప్పుడు మీరు ఏది ముందు చేయాలన్నది అదే తేలుస్తుంది.

"ఇంకో రైటర్‌ని రెండు వారాలకి ఇస్తాం" అనొచ్చు. ఫ్రీజ్ తర్వాత ఇస్తే పెద్దగా లాభం లేదు, వాళ్ళకి ప్రాడక్ట్ చెప్పడానికే మీ సమయం పోతుంది. ఇస్తామంటే కాదనకండి గానీ వాళ్ళకి అప్పగించాల్సింది లింకులు సరిచూడటం, స్క్రీన్‌షాట్లు తీయడం, రిలీజ్ నోట్స్‌కి బగ్గుల జాబితా కూర్చడం వంటి పనులు.

ఇక టూల్

మీరిప్పుడు వాడుతున్న ఎక్సెల్ చాలు. టీమ్ జిరాలో (టికెట్లు పెట్టుకునే టూల్) ఉంటే డాక్యుమెంటేషన్ పనులు కూడా అక్కడే టికెట్లుగా పెట్టి, ఫీచర్ టికెట్‌కి లింక్ చేయండి. తేదీ మారితే టికెట్ హిస్టరీలో ఎవరు, ఎప్పుడు మార్చారో ఉంటుంది. ఫిక్స్ వెర్షన్ (ఏ రిలీజ్‌లో వెళ్తుందో చెప్పే గడి) మారిన టికెట్లని వెతికి తీసే సౌకర్యం ఉంది. ఆ వెతుకుడుని ఫిల్టర్‌గా దాచి సబ్‌స్క్రిప్షన్ పెట్టుకుంటే ఫీచర్ ఒక రిలీజ్ నుంచి ఇంకోదానికి పోయినప్పుడు మీకు మెయిల్ వస్తుంది. అందరికన్నా చివర తెలియడం అన్న మీ బాధ దీంతోనే చాలా వరకు తీరుతుంది. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ వాడే చోట బేస్‌లైన్లు (ఆ రోజుకి ఉన్న ప్లాన్ నకళ్ళు) 11 దాకా దాచుకోవచ్చు, తేదీ జరిగినప్పుడల్లా ఒకటి దాచితే పాత తేదీలు చెరగవు. కానీ ఒక్క రైటర్ కోసం ప్రాజెక్ట్ కొనమని అడగడం దండగ.

మూడు ప్రాడక్టులకి మూడు షీట్లు మాత్రం ఆపేయండి. అన్నీ ఒకే షీట్‌లో, ఒక్కో ప్రాడక్టుకి ఒక భాగం. కింద వారాల వారీగా ఒక వరస: ఈ వారం మూడింటికీ కలిపి మీ నుంచి ఎన్ని రోజుల పని కావాలి. అది ఐదు దాటిన వారాలే మీ అసలు ప్రమాదం. ఒక ప్రాడక్టు ఫ్రీజ్ రెండు వారాలు వాయిదా పడి ఇంకో ప్రాడక్టు రివ్యూ వారం మీద పడ్డప్పుడు, రెండు టీమ్‌లూ విడివిడిగా చూస్తే ఎవరి షెడ్యూల్ వాళ్ళకి సరిగ్గానే ఉంటుంది. ఢీ కనిపించేది మీ షీట్‌లో మాత్రమే. అలాంటి వారం కనపడితే ఇద్దరు ప్రాడక్ట్ మేనేజర్లకీ ఒకే మెయిల్ పెట్టండి, విడివిడిగా కాదు. ఎవరిది ముందు అన్నది వాళ్ళిద్దరూ తేల్చుకోవాలి, లేదా వాళ్ళ పైవాళ్ళు తేల్చాలి. ఆ నిర్ణయం మీరు మోయకండి.

ఈ వారమే మొదలుపెట్టాలంటే, రిలీజ్‌కి అన్నిటికన్నా దగ్గరున్న ప్రాడక్టుతో మొదలుపెట్టండి. పాత మెయిళ్ళు, మీటింగ్ నోట్స్ వెతికి దాని ఫ్రీజ్ తేదీ ఇప్పటిదాకా ఎన్నిసార్లు, ఎప్పుడెప్పుడు మారిందో వరసలు నింపండి. నాలుగైదు చుక్కలు దొరికితే గీత గీయొచ్చు. మిగతా రెండిటికీ ఇప్పటికి ఆధార తేదీ, రిలీజ్ తేదీ, కావలసిన పనిదినాలు రాస్తే చాలు. గీత గీశాక లెక్క ఎక్కడైనా తేలకపోతే ఆ తేదీలు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.